బోరు నీళ్ళతో డిస్కస్: ఒక 300 లీటర్ల ట్యాంకు కేస్ స్టడీ

ట్యాంకు పొడవు 4 అడుగులు, వెడల్పు ఒకటిన్నర, ఎత్తు 2. అంచుదాకా నింపితే 340 లీటర్లు పడుతుంది. పైన రెండున్నర అంగుళాలు వదిలేస్తారు కాబట్టి నికరంగా 300 లీటర్లు. అడుగున ఇసుక లేదు, ఉత్త గాజు. రెండు పెద్ద స్పాంజ్ ఫిల్టర్లు, ఒక కెనిస్టర్ (ట్యాంకు బయట ఉండే డబ్బా ఫిల్టర్), 29 డిగ్రీల మీద పెట్టిన 300 వాట్ల హీటర్, మధ్యలో ఒక డ్రిఫ్ట్‌వుడ్ మోడు. నాలుగైదు అంగుళాల డిస్కస్ చేపలు 8. ఇల్లు హైదరాబాద్‌లో ఒక అపార్ట్‌మెంటు మూడో అంతస్తు, కుళాయిలో వచ్చేది బోరు నీళ్ళు.

ఫిర్యాదు ఒక్క ముక్కలో చెప్పాలంటే, పీహెచ్ (నీళ్ళు ఎంత ఆమ్లమో, ఎంత క్షారమో చెప్పే అంకె, 7 మధ్యస్థం) నిలవడం లేదు. పొద్దున 8.1 ఉంటుంది. పీహెచ్ తగ్గించే మందు వేస్తే 6.8కి దిగుతుంది. సాయంత్రానికి 7.7, మర్నాడు పొద్దునకి మళ్ళీ 8.1. చేపలు నల్లబడి, ఒంటి మీది నిలువు చారలు ముదురుగా తేలి, రెక్కలు ముడుచుకుని హీటర్ వెనక గుంపుగా చేరాయి. మందు వేసిన అరగంటకు నీటి పైకి వచ్చి గబగబా మొప్పలాడిస్తున్నాయి.

కుళాయి నీళ్ళను రెండుసార్లు కొలిచారు

ఇలాంటి కేసులో మొదట చూడాల్సింది ట్యాంకును కాదు, కుళాయిని. అదీ రెండుసార్లు చూడాలి. గ్లాసులోకి పట్టిన వెంటనే ఈ ఇంటి బోరు నీళ్ళ పీహెచ్ 7.1. అవే నీళ్ళు బకెట్లో పోసి, గాలి బుడగలు వదిలే ఎయిర్ స్టోన్ వేసి, 24 గంటలాగి కొలిస్తే 8.3. నీళ్ళు మారలేదు, అందులోని గాలి మారింది. భూమి లోపల రాళ్ళ మధ్య ఉన్న నీటిలో కార్బన్ డయాక్సైడ్ బాగా కరిగి ఉంటుంది, అది పైకి వచ్చాక మెల్లగా ఎగిరిపోతుంది. అది ఉన్నంతసేపు పీహెచ్ తక్కువ చూపిస్తుంది, పోయాక అసలు అంకె బయటపడుతుంది. "మా బోరు పీహెచ్ ఏడే కదా" అని నిశ్చింతగా ఉండేవాళ్ళలో ఎక్కువమంది కొలిచింది ఈ మొదటి అంకెనే.

మిగతా కొలతలు: టీడీఎస్ (కరిగిన లవణాల మొత్తం) 780, జీహెచ్ (కాల్షియం, మెగ్నీషియం వల్ల వచ్చే గట్టిదనం) 20 డిగ్రీలు, కేహెచ్ 14 డిగ్రీలు, నైట్రేట్ లీటరుకు 30 మి.గ్రా. తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 పీహెచ్‌కు పెట్టిన హద్దు 6.5 నుంచి 8.5. ఆ లెక్కన మనుషులకు ఈ నీళ్ళ పీహెచ్‌తో పేచీ లేదు. డిస్కస్‌కు మాత్రం ఇందులో చూడాల్సిన అంకె 14.

కేహెచ్ అంటే నీళ్ళలో ఉన్న బైకార్బొనేట్ బలం. ఒక డిగ్రీ అంటే కాల్షియం కార్బొనేట్ లెక్కలో లీటరుకు 17.9 మి.గ్రా. దీన్ని కొలిచే చుక్కల కిట్‌ను కాస్త దగ్గరగా చూస్తే ఈ కేసు సగం అర్థమవుతుంది. గొట్టంలో 5 మి.లీ. నీళ్ళు పోసి చుక్క వేయగానే నీలం రంగు వస్తుంది. రెండో చుక్క, మూడో చుక్క, పదో చుక్క, ఇంకా నీలమే. పదమూడో చుక్కకూ నీలమే, కాస్త పచ్చటి ఛాయ కనిపించిందా అనిపిస్తుందంతే. పద్నాలుగో చుక్క పడి గొట్టం ఊపగానే మొత్తం పసుపు. ఆ చుక్కల్లో ఉన్నది యాసిడ్. అంటే పదమూడు చుక్కల యాసిడ్‌ను నీళ్ళు నోరెత్తకుండా మింగాయి, పద్నాలుగో చుక్కకు చేతులెత్తేశాయి. ట్యాంకులో జరిగేదీ అక్షరాలా ఇదే, కాకపోతే కొన్ని రోజుల మీద జరుగుతుంది.

మొదటి దశ: యాసిడ్

వాడుతున్నది ఫాస్ఫారిక్ యాసిడ్ ఉన్న పీహెచ్ తగ్గించే ద్రవం. పీహెచ్ 6.0, 6.5 ఉండాలని అమ్మినవాళ్ళు చెప్పారు కాబట్టి రోజూ పొద్దున మూతతో కొలిచి పోస్తున్నారు.

యాసిడ్ బైకార్బొనేట్‌తో కలిస్తే పుట్టేది కార్బన్ డయాక్సైడ్. ఎంత పుడుతుందో లెక్క కట్టవచ్చు. నీటిలో కార్బన్ డయాక్సైడ్, లీటరుకు మిల్లీగ్రాముల్లో, సుమారుగా 3 × కేహెచ్ × 10^(7 − పీహెచ్). కేహెచ్ 14, పీహెచ్ 8.2 దగ్గర అది రెండున్నర మి.గ్రా. అదే నీటిని యాసిడ్‌తో 6.8కి దించితే కేహెచ్ మూడు డిగ్రీలు ఖర్చయి 11కి వస్తుంది, కార్బన్ డయాక్సైడ్ 50 మి.గ్రా. దాటుతుంది. 30 దాటితేనే చేపలకు ఊపిరి బరువవుతుంది. మందు వేసిన అరగంటకు పైకి వచ్చి మొప్పలాడించడానికి కారణం ఇదే. అవి 6.8 పీహెచ్‌కు భయపడలేదు, ఊపిరాడక పైకొచ్చాయి. సాయంత్రానికి ఎయిర్ స్టోన్ ఆ గాలిని బయటికి తోసేస్తుంది, పీహెచ్ తిరిగి ఎక్కుతుంది. ఇంట్లోవాళ్ళకు ఇది మందు పనిచేయకపోవడంలా కనిపించింది, మర్నాడు ఇంకో మూత పోశారు.

రోజుకు మూడు డిగ్రీల చొప్పున కేహెచ్ తింటూ పోతే నాలుగైదు రోజుల్లో గొట్టంలోని పద్నాలుగో చుక్క ట్యాంకులోనే పడుతుంది. ఈ ట్యాంకులో అప్పటికి అది జరగకపోవడానికి కారణం తరచుగా, పెద్ద మొత్తంలో కొత్త బోరు నీళ్ళు పోయడం. కొత్త నీళ్ళు ఖర్చయిన కేహెచ్‌లో కొంత తిరిగి తెస్తున్నాయి. ఒక్క వారం నీళ్ళు మార్చడం మానేసి అదే మూత పోసి ఉంటే పీహెచ్ 5 కిందికి జారిపోయేది. ఫాస్ఫారిక్‌తో ఇంకో తిరకాసు ఉంది: నీళ్ళలో మిగిలే ఫాస్ఫేట్‌ను కూడా కేహెచ్ కిట్ కేహెచ్‌గానే లెక్క వేస్తుంది. ఉన్నదానికన్నా ఎక్కువ చూపించి ధైర్యం ఇస్తుంది. ఫాస్ఫేట్ వల్ల గాజుకు పట్టే నాచు సంగతి సరేసరి.

6.0 అన్న అంకె ఎక్కడిది? అమెజాన్ నల్లనీటి నదులది. రియో నీగ్రో నీళ్ళు పీహెచ్ 4, 5 మధ్య, లవణాలు దాదాపు లేకుండా ఉంటాయి. అడవి హెకెల్ డిస్కస్ అక్కడిది. మన షాపుల్లో దొరికే రంగురంగుల డిస్కస్‌లు మలేషియా, థాయ్‌లాండ్ ఫారాల్లో, మన దేశంలోనూ తరాలుగా గాజు తొట్లలో పుట్టి పెరిగినవి. వాటికి 6.5 నుంచి 7.5 దాకా ఏదైనా ఇబ్బంది లేదు, ఆ ఏదో ఒకటి రోజూ అదే అయి ఉండాలి. కొనేటప్పుడు రంగుతో పాటు "ఏ పీహెచ్‌లో, ఎంత టీడీఎస్‌లో ఉంచారు" అని అడిగి రాసుకోవడం ఏ పుస్తకం చెప్పే అంకెకన్నా పనికొస్తుంది.

రెండో దశ: మొత్తం ఆర్‌ఓ

యాసిడ్ మానేసి ఆర్‌ఓ నీళ్ళకు (మెంబ్రేన్‌తో లవణాలు దాదాపు తీసేసినవి) మారారు. నిర్ణయం మంచిదే. కానీ బోరు నీళ్ళు చుక్క కూడా కలపకుండా మారారు. కొన్ని వారాల్లో కేహెచ్ ఒకటి కిందికి వచ్చింది, పీహెచ్ 6.4 దగ్గర అందంగా నిలబడింది. చేపల రంగు తేలింది, తిండి పెరిగింది. అంతా బాగుందని నీళ్ళు మార్చడం తగ్గించారు. మేత మాత్రం తగ్గలేదు.

ఇక్కడ ఒక లెక్క ప్రతి డిస్కస్ ఇంట్లో గోడ మీద ఉండదగినది. ఫిల్టర్‌లోని బ్యాక్టీరియా అమ్మోనియాను నైట్రేట్‌గా మార్చేటప్పుడు కేహెచ్‌ను తింటుంది. ఒక గ్రాము అమ్మోనియా నత్రజనికి 7.14 గ్రాముల కాల్షియం కార్బొనేట్‌కు సమానమైన కేహెచ్ ఖర్చవుతుంది. రోజుకు 8 గ్రాముల పొడి మేత, అందులో 45 శాతం మాంసకృత్తులు అనుకుందాం. మాంసకృత్తుల్లో 16 శాతం నత్రజని, అంటే 0.58 గ్రాములు. అందులో 60 శాతం అమ్మోనియాగా నీళ్ళలోకి వస్తే 0.35 గ్రాములు. దానికి ఖర్చయ్యే కేహెచ్ రెండున్నర గ్రాములు. 300 లీటర్లలో అది రోజుకు 0.46 డిగ్రీ. ఇది పై హద్దు. రెట్ట, మిగిలిన మేత సైఫన్ చేసి తీసేస్తే తగ్గుతుంది. ఈ ట్యాంకులో తర్వాత కొలిస్తే రోజుకు 0.3 దగ్గర తేలింది. ఎలా చూసినా, కేహెచ్ ఒకటి ఉన్న ట్యాంకుకు చేతిలో ఉన్నది రెండు మూడు రోజుల సరుకే.

ఆ సరుకు అయిపోయింది. పీహెచ్ 5.0కి పడింది. పీహెచ్ 6.5 దిగితే ఈ బ్యాక్టీరియా మందగిస్తుంది, 6 కింద చాలా ట్యాంకుల్లో దాదాపు పని ఆపేస్తుంది. అప్పటినుంచి అమ్మోనియా పేరుకోవడం మొదలైంది, కొలిచేసరికి లీటరుకు 4 మి.గ్రా. ఇంత ఉన్నా చేపలు చావలేదు, కాస్త మందంగా, ఒంటి మీద జిగురు ఎక్కువై తెల్లటి పొరలా కనిపించాయి. ఎందుకు చావలేదంటే, ఆమ్లపు నీళ్ళలో అమ్మోనియా దాదాపు అంతా అమ్మోనియం రూపంలో ఉంటుంది, అది మొప్పలకు అంతగా హాని చేయదు. 29 డిగ్రీల దగ్గర పీహెచ్ 5లో విష రూపంలో ఉండేది పదివేలలో ఒక పాలు కూడా కాదు. 7లో 0.7 శాతం. 8లో 7 శాతం.

కిట్‌లో 4 చూసి గాభరా పడి సగం నీళ్ళు తీసేసి 150 లీటర్ల బోరు నీళ్ళు పోశారు. నీళ్ళ వేడి సరిచూశారు, పోసిన వెంటనే పీహెచ్ కూడా కొలిచారు: 7.1. బాగుంది అనుకున్నారు. మొదటి గంటలో చేపలు కూడా తేరుకున్నట్టే కనిపించాయి.

ప్రమాదం ఆ 7.1లోనే దాగి ఉంది. అది కుళాయి నుంచి అప్పుడే వచ్చిన నీళ్ళ అంకె, కార్బన్ డయాక్సైడ్ ఇంకా లోపలే ఉంది. రెండు స్పాంజ్ ఫిల్టర్ల బుడగలు ఆరేడు గంటల్లో దాన్ని బయటికి తోశాయి, రాత్రికి పీహెచ్ 8.0. అమ్మోనియా 4 నుంచి 2కి సగమైన మాట నిజమే, కానీ విష భాగం లీటరుకు 0.0003 నుంచి 0.14 మి.గ్రా.కు ఎక్కింది, నాలుగు వందల రెట్లకు పైగా. దానికి తోడు టీడీఎస్ ఒక్క దెబ్బకు 110 నుంచి 445. తెల్లారేసరికి రెండు చేపలు పోయాయి. మొప్పలు ఎర్రగా వాచి ఉన్నాయి. మిగతా ఆరూ ఒక మొప్ప మూసుకుని ఒక్కదానితోనే గాలి పీలుస్తున్నాయి.

ఆ పొద్దున చేసినవి

యాసిడ్ జోలికి వెళ్ళలేదు. మేత మూడు రోజులు పూర్తిగా ఆపేశారు. అమ్మోనియాను పట్టి ఉంచే వాటర్ కండిషనర్ మొత్తం 300 లీటర్ల లెక్కన వేశారు. డ్రమ్ములో నిలవ ఉన్న 100 లీటర్ల ఆర్‌ఓ నీటిని 29 డిగ్రీలకు వేడి చేసి, అంతే నీరు ట్యాంకు నుంచి తీసి, సన్న పైపుతో గంటన్నర సేపు మెల్లగా వదిలారు. కేహెచ్ 7 నుంచి 5 దగ్గరికి, పీహెచ్ 7.7కి, విష అమ్మోనియా 0.05కి వచ్చాయి. పన్నెండు గంటల తర్వాత ఇంకో 100 లీటర్లు. కేహెచ్ 3.5, పీహెచ్ 7.5, విష అమ్మోనియా 0.02. ఆరూ బతికాయి. ఒకదానికి మాత్రం రెక్క అంచులు తెల్లబడి ఊడిపోయాయి, తర్వాత పెరిగాయి.

అసలు పీహెచ్ 5, అమ్మోనియా 4 కనిపించిన రోజున చేయాల్సింది వేరు. ఆ స్థితిలో తక్కువ పీహెచ్ చేపలను కాపాడుతోంది, దాన్ని ఒక్కసారిగా లేపకూడదు. మేత ఆపి, కండిషనర్ వేసి, ఆర్‌ఓ నీళ్ళతోనే పావు వంతు చొప్పున మార్చి అమ్మోనియాను దించాలి. అది సగం మి.గ్రా. కిందికి వచ్చాక కేహెచ్ మెల్లగా పెంచాలి. దానికి వంట సోడా చాలు. ఒక డిగ్రీ కేహెచ్ పెంచడానికి 100 లీటర్లకు 3 గ్రాములు. 300 లీటర్లకు సగం డిగ్రీ అంటే నాలుగున్నర గ్రాములు. అంతమాత్రం సోడాకే పీహెచ్ 5 నుంచి ఆరున్నరకు వచ్చేస్తుంది, ఎందుకంటే కేహెచ్ అడుగంటిన నీళ్ళలో మొదటి సగం డిగ్రీ చేసే పని చాలా పెద్దది. అందుకే దాన్ని కూడా రెండు పాళ్ళు చేసి, పొద్దున ఒకటి సాయంత్రం ఒకటి, ముందుగా మగ్గు నీళ్ళలో కరిగించి ఫిల్టర్ నీళ్ళు పడే చోట పోయాలి. బేకింగ్ పౌడర్ వేరు, చాకలి సోడా వేరు, ఈ రెండూ వాడకూడదు. పీహెచ్ ఆరున్నర దాటినా వారాల తరబడి నిద్రపోయిన బ్యాక్టీరియా మర్నాటికే లేవదు. ఆరోగ్యంగా నడుస్తున్న ఇంకో ట్యాంకు నుంచి ఒక పాత స్పాంజ్ తెచ్చి పెడితే మేలు. అమ్మోనియా, నైట్రైట్ (అమ్మోనియా నైట్రేట్‌గా మారే దారిలో పుట్టే ఇంకో విషం) రెండు వారాలు రోజూ చూడాలి.

మూడో దశ: పాళ్ళు కుదర్చడం

పెట్టుకున్న లక్ష్యం పీహెచ్ కాదు. కలిపే నీళ్ళ కేహెచ్ 3. సూత్రం చిన్నది: కావలసిన కేహెచ్‌లోంచి ఆర్‌ఓ కేహెచ్ తీసేయాలి, దాన్ని బోరు కేహెచ్‌కూ ఆర్‌ఓ కేహెచ్‌కూ ఉన్న తేడాతో భాగించాలి. ఈ ఇంటి ఆర్‌ఓ నీళ్ళ కేహెచ్ 0.7. కాబట్టి 2.3ని 13.3తో భాగిస్తే 0.17. సులువుగా ఉండటానికి 18 శాతం బోరు, 82 శాతం ఆర్‌ఓ అని పెట్టుకున్నారు. 75 లీటర్ల కలుపుకు పదమూడున్నర లీటర్ల బోరు నీళ్ళు, మిగతాది ఆర్‌ఓ. కొలిస్తే కేహెచ్ 3, జీహెచ్ 4 పైన, టీడీఎస్ 177. జీహెచ్ కోసం విడిగా లవణాలు కొనాల్సిన పని లేదు, ఆ 18 శాతం బోరు నీళ్ళే కాల్షియం, మెగ్నీషియం తెచ్చిపెడతాయి. ఇది బోరు నీళ్ళ ఇళ్ళకున్న అదృష్టం.

కలిపిన నీళ్ళు 100 లీటర్ల ఫుడ్‌గ్రేడ్ డ్రమ్ములో, ఎయిర్ స్టోన్, చిన్న హీటర్‌తో 24 గంటలు ఉంటాయి. మర్నాటికి డ్రమ్ములో పీహెచ్ 7.5. ట్యాంకులో 7.0 నుంచి 7.2. ఈ తేడా చూసి మళ్ళీ మందు సీసా వెతకనక్కర్లేదు. ట్యాంకులో చేపలు ఊపిరి వదులుతాయి కాబట్టి కార్బన్ డయాక్సైడ్ కాస్త ఎక్కువ, ఫిల్టర్ తింటుంది కాబట్టి కేహెచ్ కాస్త తక్కువ. పావు వంతు నీళ్ళు మార్చినప్పుడు ట్యాంకు పీహెచ్ ఒక పాయింటు మాత్రమే కదులుతుంది, అంటే 7.1 కాస్తా 7.2. డిస్కస్ దాన్ని లెక్కచేయదు.

రోజూ ఎంత మార్చాలన్నది కూడా లెక్కలోంచే వచ్చింది. రోజుకు 0.3 డిగ్రీ ఖర్చవుతున్నప్పుడు, కేహెచ్ 3.1 ఉన్న నీళ్ళు రోజూ 25 శాతం మారిస్తే ట్యాంకు 1.9 దగ్గర నిలబడుతుంది. 10 శాతమే మారిస్తే కొద్ది వారాల్లో సున్నా దగ్గరికి వస్తుంది, మళ్ళీ పాత కథే. రోజూ కుదరనివాళ్ళకు ఇంకో దారి ఉంది: బోరు పాలు 25 శాతానికి పెంచితే కలుపు కేహెచ్ 4 అవుతుంది, దాన్ని రోజు విడిచి రోజు పావు వంతు మార్చినా ట్యాంకు 1.6 దగ్గర ఆగుతుంది. మా అంచనాలో ఉద్యోగాలకు వెళ్ళే ఇంటికి ఈ రెండోదే నయం. నీళ్ళు కొంచెం గట్టిగా ఉన్నా ఫరవాలేదు, తప్పిపోయిన ఒక రోజు ట్యాంకును ముంచకూడదు.

ఆవిరై తగ్గిన నీటికి మాత్రం ఉత్త ఆర్‌ఓ నీళ్ళే పోయాలి. ఆవిరయ్యేది నీరు, లవణాలు ట్యాంకులోనే ఉండిపోతాయి. బోరు నీళ్ళతో పూడిస్తే కొద్ది కొద్దిగా అన్నీ ఎక్కుతాయి.

ఆర్‌ఓ మిషన్ దగ్గర జరిగే పొరపాట్లు

ఇంట్లో తాగే ఆర్‌ఓ ప్యూరిఫయర్ కుళాయి నుంచి నీళ్ళు పడితే ఈ లెక్కలేవీ కుదరవు. చాలా మిషన్లలో మెంబ్రేన్ తర్వాత రుచి కోసం మినరల్ కార్ట్రిడ్జ్, టీడీఎస్ పెంచే వాల్వ్ ఉంటాయి. ఒకటి పీహెచ్ పెంచుతుంది, రెండోది శుద్ధి కాని నీళ్ళు కలుపుతుంది. మెంబ్రేన్ నుంచి మంచినీళ్ళు వచ్చే సన్న పైపుకు, ఈ రెండిటికన్నా ముందు, ఒక టీ కనెక్టరు, చిన్న వాల్వ్ పెట్టించుకుని అక్కడినుంచి డ్రమ్ముకు పైపు లాగాలి. ఇక్కడ అలాగే చేశారు. 75 జీపీడీ (రోజుకు ఇన్ని గ్యాలన్లు) మెంబ్రేన్ కాగితం మీద రోజుకు 284 లీటర్లు ఇవ్వాలి, ఇంటి పంపు ఒత్తిడికి గంటకు 10 లీటర్లు అనుకోవడం మంచిది. 61 లీటర్లకు ఆరు గంటలు. మిషన్ ఆన్ చేసిన మొదటి నిమిషంలో వచ్చే నీళ్ళ టీడీఎస్ ఎక్కువ ఉంటుంది, మొదటి లీటరు డ్రమ్ములోకి వదలకూడదు. బయటికి పోయే రిజెక్ట్ నీళ్ళు మంచినీటికి రెండు మూడు రెట్లు ఉంటాయి, ఇక్కడ అవి వేరే డ్రమ్ములో పట్టి బాత్‌రూములకు, ఇల్లు తుడవడానికి వాడుతున్నారు. మొక్కలకు వద్దు, లవణాలు చిక్కబడి ఉంటాయి.

ఆర్‌ఓ నీళ్ళు టీడీఎస్ 45 చూపిస్తున్నాయి. లోపలికి వెళ్ళేదాంట్లో పదో వంతు, అంటే 78 దాటితే మెంబ్రేన్ మార్చాలి. ఇంకో సంగతి: తాజా ఆర్‌ఓ నీళ్ళ పీహెచ్ 5.8 చూపించవచ్చు. మెంబ్రేన్ లవణాలను ఆపుతుంది గానీ కరిగిన కార్బన్ డయాక్సైడ్‌ను ఆపదు. బోరులోని గాలి అటు వచ్చేస్తుంది, కేహెచ్ మాత్రం ఇటే ఆగిపోతుంది. ఆ అంకెకు విలువ లేదు, అసలు ఆర్‌ఓ నీళ్ళ పీహెచ్ కొలవడమే దండగ.

పనికిరానివి, పొరబడేవి

బాదం ఆకులు ముందే వేసి చూశారు. మన వీధుల్లో నాటు బాదం చెట్టు కింద రాలే ఎర్రటి ఎండాకులే అవి. కేహెచ్ 14 నీళ్ళలో పది ఆకులు వేసినా రంగు టీ డికాక్షన్ అవుతుందే తప్ప పీహెచ్ కదలదు. అవే ఆకులు కేహెచ్ 2 నీళ్ళలో 40 లీటర్లకు ఒకటి చొప్పున వేస్తే కొద్దిగా దించుతాయి, చేపలకు ఆ మసక వెలుతురు కూడా హాయి. నర్సరీల్లో దొరికే కోకోపీట్‌ను పీట్ (నీళ్ళను ఆమ్లంగా చేసే కుళ్ళిన నాచు) అనుకుని ఫిల్టర్‌లో పెట్టేవాళ్ళున్నారు. అది కొబ్బరి పీచు పొట్టు, పీట్ నాచుతో దానికి సంబంధం లేదు, సరిగ్గా కడగకపోతే ఉప్పు కూడా వదులుతుంది.

వాటర్ సాఫ్ట్‌నర్ అన్నిటికన్నా బాగా మోసం చేసేది. చాలా అపార్ట్‌మెంట్లలో సంపు పక్కన ఉప్పు పోసే సాఫ్ట్‌నర్ ఉంటుంది. సబ్బు బాగా నురగ వస్తుంది, జీహెచ్ కిట్ ఒకటో రెండో చూపిస్తుంది. కాల్షియం స్థానంలో సోడియం వచ్చింది, అంతే. కేహెచ్ 14 అలాగే ఉంటుంది, టీడీఎస్ తగ్గదు, పీహెచ్ 8.3 తగ్గదు. మెత్తటి నీళ్ళు కదా అని డిస్కస్‌ను వదిలితే నెల తిరక్కుండా నల్లబడతాయి. కలుపులో వాడే బోరు నీళ్ళు సాఫ్ట్‌నర్‌కు ముందున్న పైపు నుంచే పట్టాలి, లేకపోతే ఆ 18 శాతం తెచ్చేది కాల్షియం కాదు, సోడియం.

ట్యాంకు అడుగున తెల్ల మార్బుల్ చిప్స్, గవ్వలు ఉంటే కేహెచ్ తనంతట తాను పెరుగుతూ ఉంటుంది. అనుమానం ఉన్న రాయి మీద వెనిగర్ నాలుగు చుక్కలు వేసి చూస్తే బుడగలు చెబుతాయి.

కొలిచే పనిముట్లు

పెన్ను మీటర్లు చవకగా దొరుకుతాయి, సరిదిద్దుకుంటే మంచివే. వాటితో వచ్చే 6.86, 4.01 పొడుల పొట్లాలను పొట్లం మీద రాసిన కొలత మేరకు డిస్టిల్డ్ నీళ్ళలో కరిగించి, రెండు వారాలకోసారి మీటరును రెండిటి దగ్గరా సరిచూడాలి. గాజు మొన ఆరిపోకూడదు, మూతలో నాలుగు చుక్కల పొటాషియం క్లోరైడ్ ద్రావణం ఉండాలి. ఆర్‌ఓ నీళ్ళలో ముంచి ఉంచితే మొన పాడవుతుంది. కేహెచ్ తక్కువ ఉన్న నీళ్ళలో అంకె స్థిరపడటానికి రెండు మూడు నిమిషాలు పడుతుంది, తొందరపడి రాసుకోవద్దు. కేహెచ్‌కు 5 మి.లీ. బదులు 10 మి.లీ. నీళ్ళు తీసుకుంటే ఒక్కో చుక్క సగం డిగ్రీ అవుతుంది. ఒకటికీ రెండుకీ తేడా తెలియాల్సిన ట్యాంకులో ఇది తప్పనిసరి.

ఈ ఇంట్లో ఒక పాత క్యాలెండరు వెనక రోజూ పొద్దున లైటు వేయకముందు పీహెచ్, టీడీఎస్, వారానికి మూడుసార్లు కేహెచ్ రాస్తున్నారు. మూడూ పక్కపక్కన ఉంటేనే కథ చెబుతాయి. పీహెచ్, కేహెచ్ రెండూ దిగుతూ టీడీఎస్ ఎక్కుతుంటే నైట్రేట్ పేరుకుంటోంది, నీళ్ళ మార్పు చాలడం లేదు. కేహెచ్ కదలకుండా పీహెచ్ మాత్రం దిగితే అది గాలి సంగతి. ఒకరోజు 6.7 కనిపించింది, కేహెచ్ చూస్తే 2, నిన్నటిదే. రాత్రి నాలుగు గంటలు కరెంటు పోయింది, పంపులు ఆగాయి, చేపలు వదిలిన కార్బన్ డయాక్సైడ్ నీళ్ళలోనే ఉండిపోయింది. పంపులు నడిచిన రెండు గంటలకు 7.1. ఏమీ కలపలేదు. ఆ తర్వాత బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపు ఒకటి కొన్నారు. కెనిస్టర్‌ను మాత్రం అన్ని గంటలు ఆగాక తెరిచి కడగకుండా ఆన్ చేయకూడదు, లోపల గాలి అందక కుళ్ళిన నీళ్ళు ఒక్కసారిగా ట్యాంకులోకి వస్తాయి.

గుడ్లు పెట్టించాలనుకుంటే సంగతి వేరు. టీడీఎస్ 100 లోపు, పీహెచ్ 6 నుంచి 6.5 ఉన్న విడి తొట్టెలో, మేత తక్కువగా, నీళ్ళు రోజుకు రెండుసార్లు మార్చగలిగినప్పుడే అది చేయాలి. పెంచే ట్యాంకును దానికోసం దించకూడదు.

మూడు నెలల రాతలో పీహెచ్ 7.0 కింద కరెంటు పోయిన రోజు తప్ప పడలేదు, 7.3 దాటలేదు. కేహెచ్ 1.5, 2 మధ్యనే తిరిగింది. అమ్మోనియా, నైట్రైట్ సున్నా. ఆరు చేపలూ పొద్దున మనిషి కనిపించగానే ముందు గాజు దగ్గరికి వస్తున్నాయి, నిలువు చారలు మాసిపోయి నీలం తేలింది.

ఏప్రిల్‌లో బోరు తగ్గి అపార్ట్‌మెంటు వాళ్ళు ట్యాంకర్లు తెప్పించడం మొదలుపెట్టాక సంపులో ఏ రోజు ఏ నీళ్ళో తెలియకుండా పోయింది. కుళాయి కేహెచ్ ఒకరోజు 14, నాలుగు రోజులకు 9, మళ్ళీ 17. 9 అయితే పదమూడున్నర లీటర్ల బోరు పాలు 21 లీటర్లు కావాలి, 17 అయితే పదిన్నర చాలు. అందుకని ట్యాంకర్ల కాలంలో డ్రమ్ము కలిపే ముందు ప్రతిసారీ కుళాయి కేహెచ్ కొలిచి పాళ్ళు మార్చుకుంటున్నారు, రెండు నిమిషాల పని. మునిసిపల్ నీళ్ళు తెచ్చే ట్యాంకరైతే క్లోరిన్ కూడా ఉంటుంది. డ్రమ్ములో బోరు పాలు పోయగానే సోడియం థయోసల్ఫేట్ పలుకులు, లీటరుకు 2 మి.గ్రా. క్లోరిన్ ఉందనుకుని 20 లీటర్లకు సుమారు 0.3 గ్రాము వేసి కలిపి, ఆ తర్వాతే ఆర్‌ఓ నీళ్ళు నింపుతున్నారు.